రోకలికి పొన్ను, బూటుకు తొడుగు

సికిందరాబాదునుండి కాజీపేటకు పోవు రైలుమార్గమున జనగామ దాటిన తరువాత స్టేషన్ ఘన్‌పూర్ అను ఊరు వచ్చును. ఇది చిరకాలము వరంగల్లు జిల్లాలో ఉండెడిది. 2016 వ సంవత్సరమున జిల్లాలను తిరిగి విభజించినపుడు జనగామ జిల్లాలో చేరినది. నిజాము పాలనాకాలమున ఈ రైలుమార్గమును 1886 లో వరంగల్లువరకును, 1889 లో బెజవాడవరకును వేసిరి. ఘన్‌పూర్ అను పేరుగల ఊళ్లు తెలంగాణమున మరికొన్ని ఉన్నవి. ఈ ఊరికి రైలుస్టేషనే గుర్తు. ఇట్లు రైలు ఈ ఊరికి ఇంటిపేరైనది.

ఈ మార్గముపై రైళ్లు క్షేమముగా నడచుటకు అనేకులు ఎండనక వాననక పాటుపడుచుందురు. వారిలో కీమ్యాన్ అనబడు ఉద్యోగి ఒకడు. అతడు తనకు అప్పగింపబడిన మేర పట్టాలవెంట కాలినడకన పోవుచు, పట్టాలను బిగించియుంచు క్లిప్పులు వదులైనవా, పట్టాలో ఎక్కడనైన పగులు కనిపించుచున్నదా అని పరీక్షించును. వదులైనచోట సుత్తితో కొట్టి బిగించును. అతడు నడచునది చదునైన బాట కాదు. పదునైన అంచులుగల కంకరరాళ్ల వరుస. పట్టాను దగ్గరగా చూడవలసినపుడు అతడు ఒక మోకాలిని నేలకు ఆనించి వంగును. అప్పుడు వెనుక కాలి బూటు కొన రాళ్లపై నిలిచి దేహభారమును కొంత మోయును. అతడు లేచునపుడు ఆ కొనయే రాళ్లను నెట్టి ఒరసికొనును.

కొన్ని నెలలు గడచిన తరువాత అట్టి బూట్లను చూడుడు. మడమ ఇంకను గట్టిగా ఉండును. చీలమండను కప్పిన తోలు కొత్తదానివలె ఉండును. కొన మాత్రము తెల్లబడి, పీచులు లేచి, కుట్టు తెగి, కప్పవలె నోరు తెరచును. చెడినది రెండంగుళముల మేర, పారవేయవలసివచ్చునది జోడంతయు. రెక్కల కష్టముపై బ్రతుకువానికి ఇది చిన్న నష్టము కాదు. అంతకంటె పెద్ద కీడు మరియొకటి కలదు. నోరు తెరచిన బూటు రాళ్లకు తట్టుకొని మనుష్యుని పడవేయును. రైలు వచ్చుచున్నపుడు ప్రక్కకు తొలగవలసినవానికి అట్టి తొట్రుపాటు ప్రాణముమీదికి రావచ్చును.

ఈ బాధ రైలు పనివారికి మాత్రమే కలదని తలచరాదు. ఇంటి నేలపై బండలు పరచువారు, మోటారు బండ్ల క్రింద దూరి మరమ్మతు చేయువారు, మోకాళ్లపై కూర్చుండి ఇనుము అతుకువారు, అందరి బూట్లును మొదట కొనయందే అరుగును. దీనికి కారణమేమి?

నడకను కొంచెము గమనించినచో కారణము తెలియును. మనము అడుగు వేయునపుడు మొదట మడమ నేలను తాకును. తరువాత పాదమంతయు నేలపై నిలుచును. చివరకు మడమ లేచి, వ్రేళ్లు నేలను వెనుకకు నెట్టును. ఆ క్షణమున భారమంతయు కొద్దిపాటి చోటనే పడును. ఒకే బలము చిన్నచోట పడినపుడు ఒత్తిడి అధికమగునని మీరు విజ్ఞానశాస్త్రమున చదివియుందురు. సూదిమొన గుడ్డలో దిగుటయు, బొటనవ్రేలు దిగకుండుటయు ఇందువలననే. మోకాలిపై కూర్చున్నపుడు ఈ ఒత్తిడి క్షణకాలము కాక నిమిషములకొలది ఉండును. దానికి ఒరపిడి తోడైనచో తోలు నిలువజాలదు.

రాతి స్వభావమును సైతము ఎరుగవలెను. కంకరకు సాధారణముగా గ్రానైటువంటి గట్టిరాతిని పగులగొట్టి వాడుదురు. గ్రానైటులో క్వార్ట్జ్ అను ఖనిజము కలదు. ఖనిజముల గట్టిదనమును ఒకటినుండి పదివరకు అంకెలతో తెలుపు పద్ధతిలో దీనిది 7 వ స్థానము. ఇది మామూలు ఇనుపమేకును గీయగలదు. ఇనుమునే గీయు రాతికి తోలు ఒక లెక్కా? కంకరపై నడచు బూటు దినమంతయు గరుకుకాగితముపై నడచినట్లే.

ఇక తోలు సంగతి. పచ్చితోలును సున్నపునీటిలో నానవైచి రోమములు తీసి, తంగేడుచెక్క, తుమ్మచెక్క, కరక్కాయ మున్నగువాని రసములో ఊరవేసి పదును చేయుట మన దేశమున పూర్వమునుండి ఉన్న పద్ధతి. ఇట్టి తోలు దళసరిగాను బిగువుగాను ఉండును గనుక అడుగు అట్టకు తగును. క్రోమియము లవణములతో పదును చేయు పద్ధతి తరువాత వచ్చినది. అట్టి తోలు మెత్తగా వంగును గనుక పైభాగమునకు తగును. ఈ విద్యను శాస్త్రీయముగా వృద్ధిచేయుటకు 1948 లో మద్రాసునందు కేంద్ర చర్మ పరిశోధన సంస్థ ఏర్పడినది. నాటి గుంటూరు జిల్లాలోని యలవర్రు గ్రామమున 1922 లో జన్మించిన యలవర్తి నాయుడమ్మగారు 1958 నుండి 1971 వరకు దానికి డైరెక్టరుగా పనిచేసిరి. తోలుపనిని తక్కువగా చూచు సమాజమున ఒక తెలుగు శాస్త్రజ్ఞుడు తోలునే తన శాస్త్రముగా ఎన్నుకొనుట గుర్తుంచుకొనదగిన విషయము.

తోలు యొక్క పైపొర మిక్కిలి సన్ననిది. కాని నునుపైనది, బిగువైనది. దాని క్రింద పీచుల అల్లిక ఉండును. పైపొర ఉన్నంతవరకు నీరు త్వరగా లోపలికి చొరదు. అది గీచుకొనిపోయిన పిమ్మట నీరు పీచులలో చేరును; తడిసి మెత్తబడిన పీచులు మరింత త్వరగా తెగును. తరువాత కుట్టుదారము బయటపడి తెగును. కనుక మొదటి గీతయే అసలు ప్రమాదము; తక్కినవి దాని వెంట వచ్చునవి.

దీనికి ఉపాయము కొత్తగా కనిపెట్టనక్కరలేదు. మన ఇండ్లలోను పొలములలోను అది పూర్వమునుండి ఉన్నది. వడ్లు దంచు రోకలి కొనకు ఇనుప పొన్ను తొడుగుదురు. పొన్ను అరుగును, రోకలి నిలుచును. నాగలికి కర్రు బిగింతురు. మన్నును రాతిని ఎదుర్కొనునది కర్రు, అరిగినపుడు కమ్మరి దానిని సాగగొట్టును, లేదా కొత్తది వేయుదురు, నాగలిదుంప చెక్కుచెదరదు. బండిచక్రమునకు ఇనుప పట్టా ఎక్కింతురు. బాటపై నడచు ఎద్దుల గిట్టలకు లాడములు కొట్టుదురు. వీనియన్నిటియందును ఉన్న సూత్రమొక్కటే: అరుగుదల ఎక్కడ పడునో అక్కడ అరుగుటకై వేరొక వస్తువును నిలుపవలెను, అది అరిగినపుడు దానిని మార్చవలెను. బూటు కొనను కాపాడు పద్ధతులన్నియు ఈ సూత్రమునుండి పుట్టినవే.

మొదటిది తోలు తొడుగు. బూటు చేయునపుడే కొనపై రెండవ తోలుముక్కను కుట్టుదురు. పైముక్క అరిగినను లోనిది మిగిలియుండును. పాతబూటునకును చెప్పులు కుట్టువారు ఇట్టి ముక్కను అమర్చగలరు. వారు రంపెతో తోలును కోసి, అంచులను పలుచగా చెక్కి, ఆరెతో రంధ్రములు చేసి మైనము పూసిన దారముతో కుట్టుదురు. అంచును పలుచన చేయకున్నచో అది రాళ్లకు తగులుకొని ఊడిపోవును. చూచుటకు చిన్నపనియే, చేయుటకు నేర్పు కావలెను.

రెండవది ఇనుప బిళ్ల. చంద్రవంక ఆకారముగల బిళ్లను అడుగు అట్ట ముందంచున మేకులతో బిగింతురు. ఇది బూటుకు లాడమువంటిది. గట్టినేలపై ఇది చాలకాలము నిలుచును. కాని అన్నిచోట్లను ఇది తగదు. నున్నని బండలపైనను, తడిసిన రైలుపట్టాపైనను ఇనుము జారును. పెట్రోలు, గ్యాసు ఉన్నచోట రాతికి తగిలి నిప్పురవ్వలు రేపవచ్చును. విద్యుత్తు పనివారికి అసలే పనికిరాదు. ఇనుము విద్యుత్తును ప్రసరింపజేయును. మందు ఏదైనను రోగమును బట్టి వాడవలెను గదా!

మూడవది రబ్బరు. ముడిరబ్బరు వేడికి అంటుకొనును, చలికి బిరుసెక్కును. గంధకముతో కలిపి వేడిచేసినచో ఈ దోషములు పోవునని అమెరికా దేశీయుడు చార్లెస్ గుడ్యియర్ 1839 లో కనుగొనెను. ఆనాటినుండి రబ్బరు పాదరక్షలలో స్థిరముగా ప్రవేశించినది. నేడు అనేక పనిబూట్లకు అడుగు రబ్బరునే ముందువైపు పైకి మలచి కొనను కప్పుదురు. రబ్బరు రాతికి లొంగి మరల యథాస్థితికి వచ్చును గనుక తోలుకంటె చాలసేపు ఒరపిడిని ఓర్చుకొనును; జారదు కూడ.

నాలుగవది పూత. గట్టిపడిన తరువాతకూడ వంగు స్వభావముగల పాలీయూరిథేన్ వంటి పదార్థములు దుకాణములలో దొరకుచున్నవి. వీనిని పూయుటకు ఒక క్రమము కలదు. మొదట కొనపై మట్టిని, నూనెను, పాలిషును పూర్తిగా తుడువవలెను. బూటును నీడలో ఆరనీయవలెను. గరుకుకాగితముతో ఆ చోటును కొంచెము గరుకు చేయవలెను. నున్ననిచోట పూత నిలువదు. పిమ్మట పలుచగా పూసి, అది పూర్తిగా గట్టిపడువరకు ధరింపరాదు. తొందరపడి దళసరిగా పూసినచో అది పెచ్చులుగా ఊడిపోవును. ఈ పని బూటు కొత్తగా ఉన్నపుడే చేయుట మేలు.

ఇక్కడ ఒక భ్రమను తొలగింపవలెను. కర్మాగారములలోను కట్టడములవద్దను ధరించు రక్షణబూట్లలో కొనయందు ఉక్కు గిన్నెవంటి తొడుగు ఉండును. అది బూటును కాపాడుటకు కాదు, కాలివ్రేళ్లను కాపాడుటకు. మన దేశ ప్రమాణము ప్రకారము అట్టి తొడుగు 200 జౌళ్ల దెబ్బకు తట్టుకొనవలెను. ఇరువది కిలోగ్రాముల బరువు సుమారు ఒక మీటరు ఎత్తునుండి పడిన దెబ్బ అంతటిది. కాని ఉక్కు లోపల ఉండుటచే దానిపై తోలు మరింత త్వరగా అరుగును. ఒకవైపు రాయి, మరొకవైపు ఉక్కు, నడుమ తోలు నలుగును. తోలు పోయి ఉక్కు కనిపించినపుడు దానిపై పూత పూసి ఊరకుండరాదు. ఆ బూటు పనికి తగునో కాదో తెలిసినవారికి చూపవలెను. ఒకసారి పెద్దదెబ్బ తిని సొట్టపడిన ఉక్కు తొడుగును నమ్మరాదు. బూటుపై ఆశచే వ్రేళ్లను పోగొట్టుకొనుట తెలివిగాదు.

తొడుగులన్నిటికంటె చౌకయైనది దినచర్య. సాయంకాలము బూట్లకు అంటిన మట్టిని బ్రష్షుతో దులుపవలెను; మట్టిలోని ఇసుక నడకలో కుట్లను కోయును. తడిసిన బూట్లలో పాతకాగితములు కూరి గాలి తగులుచోట ఆరబెట్టవలెను. పొయ్యివద్ద ఆరబెట్టినచో తోలు ముడుచుకొని పగులును. అప్పుడప్పుడు మైనముగాని తోలుకు తగిన నూనెగాని కొంచెము పట్టింపవలెను. మన పల్లెలలో కొత్తచెప్పులకు ఆముదము రాయుట ఇందుకే. మోకాలిపై కూర్చుండి పనిచేయునపుడు బూటు కొన క్రింద గోనెపట్టా ముక్క వేసికొనినను చాల మేలు కలుగును.

అన్నిటికంటె ముఖ్యము, మొదటి గీతను చూచినపుడే మరమ్మతు చేయించుట. తోలు గీచుకొనినపుడు పూత చాలును. పీచులు లేచినపుడు తోలుముక్క కావలెను. కుట్టు తెగినపుడు మరల కుట్టవలెను. నోరు తెరచినపుడు ఎంతటి పనివాడైనను చేయగలది స్వల్పము. గోటితో పోవుదానిని గొడ్డలిదాక తెచ్చుకొనరాదని పెద్దలు చెప్పినది ఇందుకే.

విద్యార్థులారా! ఇప్పుడు మీ బూట్లను ఒకసారి చూచికొనుడు. సైకిలును బ్రేకుతో ఆపక కాలితో ఈడ్చి ఆపినవారి బూటు కొన ఆ సంగతిని దాచదు. దారిలోని రాయిని తన్నుచు బడికి వచ్చినవారి బూటును అంతే. వానిని కొనిన తల్లిదండ్రుల కష్టమును, కుట్టినవారి నేర్పును మనము రాతికి రాయుచున్నామని గుర్తింపవలెను.

ఘన్‌పూరు దాటి రైలు పోవునపుడు కిటికీనుండి చూచినచో, ప్రక్కకు తొలగి జెండాతో నిలుచున్న పనివాడు కనిపించును. అతని అడుగు గట్టిగా ఉన్నందుననే మన ప్రయాణము సుఖముగా సాగుచున్నది. అతనిని నిలిపినవానిలో, ఎవరో చెప్పులు కుట్టువారు ఆరెతో కుట్టిన రెండంగుళముల తోలుముక్కయు ఒకటి.