పని మానినా వదలని రాతినార

పులివెందుల: పులివెందుల చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్లకు రాతినారను గురించి వేరే చెప్పనక్కరలేదు. బ్రాహ్మణపల్లె ప్రాంతంలో రాయి పగలగొడితే మధ్యలో తెల్లటి పోగులు కనిపిస్తాయి. గోటితో గీరితే పత్తిలా విడిపోతాయి. నిప్పులో వేసినా కాలవు. ఇంగ్లీషువారు ఆస్‌బెస్టాస్ అనేది దీన్నే. పైకప్పు రేకులకు, నీటి గొట్టాలకు, లారీ బ్రేకులకు ఇది ముడిసరుకు. వానలు సరిగా పడని ఈ సీమలో గని పని ఎందరికో కూడు పెట్టింది.

అయితే ఆ పని మానేసి ఏళ్లు గడిచినా దాని దుమ్ము మనిషిని వదలదు. రాయి కొట్టేటప్పుడు, నార విడదీసేటప్పుడు, మరలో ఆడించేటప్పుడు లేచే పోగులు వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. కంటికి ఆనవు. గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి దిగి అక్కడే పాతుకుపోతాయి. క్రమేణా ఊపిరితిత్తులు గట్టిపడి, గాలి పీల్చినప్పుడు సాగడం మానేస్తాయి. ఈ జబ్బునే ఆస్‌బెస్టోసిస్ అంటారు. ఊపిరితిత్తుల కేన్సర్, ఊపిరితిత్తుల పైపొరకు వచ్చే కేన్సర్ కూడా ఈ దుమ్ము వల్ల రావచ్చు. బీడీ, సిగరెట్టు తాగేవారికి ఊపిరితిత్తుల కేన్సర్ ముప్పు మరీ ఎక్కువ.

ఈ జబ్బులు వెంటనే బయటపడవు. పదేళ్లకు, ఇరవై ఏళ్లకు, ఒక్కొక్కరికి నలభై ఏళ్లకు గాని తెలియవు. పడుచుతనంలో సమ్మెట పట్టిన మనిషి ముసలితనంలో నాలుగు మెట్లెక్కితే రొప్పుతాడు. పొడిదగ్గు పట్టుకుంటుంది. వయసు మీద పడిందని ఇంట్లోవారు అనుకుంటారు. క్షయ అని పొరబడే అవకాశమూ ఉంది. గనిలో పనిచేసిన సంగతి రోగి చెప్పడు, డాక్టరు అడగడు. కార్మికుల బట్టలకంటిన దుమ్ము ఇంటికి చేరి, ఆ బట్టలు ఉతికిన ఆడవారికీ జబ్బు తెచ్చిన ఉదంతాలు ఇతర దేశాల్లో ఉన్నాయి.

ఇది నిన్న మొన్న తెలిసిన సంగతి కాదు. ఈ దుమ్ముతో చనిపోయిన ఒక మిల్లు కార్మికురాలి గురించి ఇంగ్లండు వైద్యులు 1924లోనే రాశారు. అక్కడ 1931లో దుమ్ము అదుపుకు నిబంధనలు వచ్చాయి. మన దేశంలో కొత్త రాతినార గనుల లీజులను 1986లో, పాత లీజుల పునరుద్ధరణను 1993లో కేంద్ర ప్రభుత్వం నిలిపివేసింది. అయినా విదేశాల నుంచి నార దిగుమతి అవుతోంది, రేకులు తయారవుతూనే ఉన్నాయి. యాభైకి పైగా దేశాలు దీన్ని పూర్తిగా నిషేధించాయి.

కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995 జనవరిలో ఆదేశించింది. ఆ కేసులో పరీక్షించి జబ్బు ఉందని తేలిన వారికి లక్ష రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని చెప్పింది. నష్టపరిహార చట్టంలోనూ ఈ జబ్బు వృత్తివ్యాధిగా ఉంది. కాని మేస్త్రీ కింద దినకూలీకి పోయిన మనిషి పేరు మస్టర్ రోల్‌లో లేకపోతే ఏ రికార్డు దాస్తారు? ఏ కాగితం చూపి పరిహారం అడగాలి?

గట్టిపడిన ఊపిరితిత్తిని మామూలుగా చేసే మందు లేదు. అయినా జబ్బు ఫలానా అని తెలిస్తే జాగ్రత్తలున్నాయి. గనిలో గాని, రేకుల ఫ్యాక్టరీలో గాని ఎన్నడు పనిచేసినా ఆ సంగతి, ఎన్నేళ్లు చేసిందీ డాక్టరుకు తప్పక చెప్పాలి. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయించుకోవాలి. బీడీ మానాలి. పాత కూలి చీటీ, గుర్తింపు కార్డు ఏది ఉన్నా పారేయకూడదు. ఇళ్లలో ఉన్న ఆస్‌బెస్టాస్ రేకులను రంపంతో కోయరాదు, పగలగొట్టరాదు. విరిగిన ముక్కలు తీయవలసి వస్తే నీళ్లతో బాగా తడిపి తీయాలి.

గని పల్లెల్లో పాత కార్మికులు ఇంకా ఎందరున్నారో ఊరూరా లెక్క తీసి, వైద్య శిబిరాలు పెట్టి పరీక్షించవలసిన బాధ్యత అధికారులది. కాగితాల్లో లేని పేర్లు ఊరి పెద్దల నోట ఇంకా ఉన్నాయి. వారు ఉండగానే ఆ పేర్లు రాసుకోవాలి.