ఏటి అడుసులోని లోహవిషము

నీరు తేరి అడుగు కనిపించుచున్నచో ఆ యేరు శుభ్రమైనదని తలంచుట మనకు సహజము. గనుల ప్రాంతములలో ఈ నమ్మకము చెల్లదు. రాతిని పిండిచేసి లోహమును తీసికొనిన పిమ్మట మిగిలిన గనిమట్టి వానలతో ఏటిలోనికి దిగును. అందలి రాగి, సీసము, జింకు, కాడ్మియము సన్నని ఒండ్రును పట్టుకొని అడుగున చేరును. పైనీరు తేటపడిన తరువాతకూడ విషము క్రిందనే యుండును.

అమెరికాలో మొంటానా రాష్ట్రమందలి క్లార్క్ ఫోర్క్ నది యిందుకు దృష్టాంతము. ఎగువన బ్యూట్ పట్టణపు రాగి గనులు. సుమారు 120 మైళ్ళ దిగువన మిల్‌టౌను ఆనకట్ట. 1908లో గొప్ప వరద వచ్చి గనిమట్టిని ఆ కట్ట వెనుకకు చేర్చినది. 1981లో ఆ యూరి బావినీటిలో ఆర్సెనిక్ బయటపడినది. అంత అడుసును త్రవ్వి తీయవలెనా, కదపక విడువవలెనా?

అడుసును ఆమ్లముతో కరగించి ఎంత లోహమున్నదో చెప్పవచ్చును. అది ఎంత కీడు చేయునో ఆ లెక్క చెప్పదు. మన వంటింటి సంగతియే చూడుడు. ఇత్తడి బిందెలో మంచినీళ్ళు నిలువయుంచి త్రాగుచునే యున్నాము. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచినచో చిలుమెక్కి వాంతులగును. లోహ మొక్కటియే, పులుపు దానిని బయటికి లాగినది. అటులనే గాలి సోకని అడుసులో లోహములు గంధకముతో కూడి సల్ఫైడులై కరగక కట్టుబడి యుండును. ఈ సల్ఫైడు లోహముకన్న అధికముగా నున్నచో రాగి, సీసము, జింకు, కాడ్మియముల వలన ప్రాణులు చావవని ఊహింపవచ్చును. తక్కువైనంత మాత్రమున విషమని తీర్పు చెప్పుటకు వీలులేదు. ఆర్సెనిక్ అసలే ఈ లెక్కకు లోబడదు.

కనుక ప్రాణినే అడుగవలసి వచ్చును. హయలెల్లా అనునది రొయ్యను పోలిన అతి చిన్న జంతువు. చెరువుల అడుసుపైననే దాని కాపురము. పరీక్షకు ఒక్కొక్క గాజుపాత్రలో 100 మిల్లీలీటర్ల అడుసు, పైని 175 మిల్లీలీటర్ల నీరు పోసి, పది పిల్లలను విడుతురు. ఇట్టి పాత్రలు ఎనిమిది. 23 డిగ్రీల వేడిమి, దినమునకు 16 గంటల వెలుతురు. పదిదినముల పిమ్మట అడుసును జల్లించి, బ్రతికినవానిని లెక్కించి, వాని పెరుగుదలను కొలుతురు. ప్రక్కనే మంచి అడుసుతోను ఇదే యేర్పాటు జరుగును. అందు నూటికి 80 అయినను బ్రతుకనిచో పరీక్షయే చెల్లదు. మాకు మిక్కిలి నచ్చినది ఈ నియమమే. పెంపకములోని లోపమును విషముమీదికి నెట్టుటకు ఇది సందీయదు. బ్రతికియు సంతానము లేని ప్రాణివలన ఏటికేమి లాభము? అందుచే 42 దినముల దీర్ఘపరీక్షలో పిల్లలను సైతము లెక్కింతురు.

అడుసును తెచ్చుటలోనే చిక్కున్నది. గాలి తగిలినచో సల్ఫైడు చెడి లోహము విడివడును; పరీక్షకు వచ్చునది ఏటి అడుసు కాక వేరొకటియగును. అందువలన పాత్రను నిండుగా నింపి, మూసి, చలిలో చీకటిలో భద్రపరతురు.

ఏటిలోనే ఈ కదలిక జరిగినచో? 1996 ఫిబ్రవరిలో మంచుగడ్డలు మిల్‌టౌను కట్టమీదికి రాగా జలాశయమును దించవలసివచ్చెను. అడుసు కోసుకొనిపోయి దిగువనీటిలో రాగి పెరిగెను, చేపలు తగ్గెను. తుదకు 2008 మార్చిలో కట్టను తెగగొట్టిరి. మిక్కిలి మలినమైన అడుసును రైలుబండ్లపై తిరిగి ఎగువకు, పూర్వము రాగిని కరగించిన అనకొండ పట్టణ సమీపమునకే చేర్చిరి.