మొదటి సంవత్సరం లెక్కలు: మధ్యలో లేని మెట్లు

ఇంజనీరింగ్‌లో చేరిన మన పిల్లలు మొదటి సంవత్సరంలో ఎక్కువగా భయపడే పేపరు లెక్కలది. దాన్ని వాళ్లు ఎమ్-వన్ అంటారు. అది పోతే సప్లీ, సప్లీ కూడా పోతే బ్యాక్‌లాగ్. క్రెడిట్లు చాలకపోతే పై సంవత్సరానికి పోనివ్వరు. ఈ వరసలో ఎక్కడో ఒకచోట "రిజర్వేషన్లో వచ్చినోడికి ఇంతకంటే ఏమొస్తది" అనే మాట వినపడుతుంది. కొందరు మొహం మీదే అంటారు, కొందరు అనకుండా అట్లా చూస్తారు. ఆ మాటను నమ్మిన రోజు పిల్లవాడు పుస్తకం మూసేస్తాడు.

ఇది చిన్న విషయం కాదు. 2015లో ఐఐటీ రూర్కీ 70 మందికి పైగా మొదటి సంవత్సరం విద్యార్థులను మార్కులు చాలలేదని బయటికి పంపింది. వాళ్లలో అత్యధికులు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ పిల్లలు. గొడవ జరిగాక మరో అవకాశం ఇచ్చారు. అప్పుడు కూడా చర్చంతా 'మెరిట్' చుట్టూనే తిరిగింది. పిల్లలు లెక్కలో ఏ మెట్టు దగ్గర ఆగారు, ఎందుకు ఆగారు అని అడిగినవాళ్లు తక్కువ. ఆ ప్రశ్న మనం అడుగుదాం. జవాబు ఉపన్యాసంలో దొరకదు, లెక్క చేసి చూడాలి.

బావిలో రాయి

మొదటి సంవత్సరంలో అందరినీ బెదిరించే మాట అవకలనం, అంటే డిఫరెన్షియేషన్. అదేమిటో ఒక బావి దగ్గర నిలబడి చూద్దాం. రాయిని చేతిలోంచి వదిలితే అది ఎంత దూరం పడుతుందో చెప్పే లెక్క ఉంది: కాలాన్ని సెకన్లలో తీసుకుని, దాని వర్గాన్ని సుమారుగా 5తో గుణిస్తే మీటర్లు వస్తాయి. ఒక సెకనుకు 5 మీటర్లు. కాలం ఇస్తే దూరం చెప్పే ఇట్లాంటి సూత్రాన్నే తెలుగు మీడియంలో ప్రమేయం అన్నారు, కాలేజీలో ఫంక్షన్ అంటారు. వస్తువు అదే.

సరిగ్గా ఒక సెకను దగ్గర ఆ రాయి ఎంత వేగంతో పోతోంది? 1 నుంచి 1.1 సెకను దాకా చూస్తే అది 5 నుంచి 6.05 మీటర్లకు పోయింది. 1.05ను 0.1తో భాగిస్తే వేగం 10.5. వ్యవధి ఇంకా తగ్గించి 1.01 దాకా చూస్తే 10.05. 1.001 దాకా చూస్తే 10.005. ఇది ఎటు పోతోందో చదవడం వచ్చిన ఎవరికైనా కనపడుతుంది: 10 వైపు. ఆ 10నే అవధి అంటారు, లిమిట్ అంటారు. కొత్త ఆలోచన ఇంతే. పదో తరగతి పిల్లకు పది నిమిషాల్లో చెప్పొచ్చు.

ఇప్పుడు దీన్నే పరీక్షలో రాసినట్టు రాద్దాం. ఆ చిన్న వ్యవధి పేరు 'హెచ్' అనుకోండి. (1 + హెచ్) వర్గాన్ని విప్పితే 1 + 2 హెచ్ + హెచ్ వర్గం. 5తో గుణించి, మొదటి 5 తీసేసి, హెచ్‌తో భాగిస్తే మిగిలేది 10 + 5 హెచ్. హెచ్ సున్నా కానంతసేపే దానితో భాగించగలం. భాగించడం అయిపోయాక, హెచ్ సున్నాకు దగ్గరవుతుంటే విలువ ఎటు పోతుందని అడుగుతాం. జవాబు 10.

మన పిల్లలు ఎక్కడ తడబడతారు? చాలాసార్లు అవధి దగ్గర కాదు. (1 + హెచ్) వర్గాన్ని 1 + హెచ్ వర్గం అని రాస్తారు, మధ్యలో ఉండాల్సిన 2 హెచ్ ఎగిరిపోతుంది. అప్పుడు చివరికి మిగిలేది 5 హెచ్, దాని అవధి సున్నా. అంటే రాయి బావి మధ్యలో గాలిలో ఆగిపోయిందన్న మాట! మాస్టారు ఎర్ర సిరాతో కొట్టేసి "కాలిక్యులస్ రాదు" అంటాడు. నిజానికి కాలిక్యులస్ వచ్చింది. రానిది ఎనిమిదో తరగతి బీజగణితం. రోగం ఒకచోట, మందు ఇంకోచోట.

మాత్రికల్లోనూ ఇదే కథ. మొదటి వరసలో 2, 1, రెండో వరసలో 1, 2 ఉన్న మాత్రికకు ఐగెన్ విలువలు కనుక్కోమంటే భయపడతారు. పేరు పెద్దది, పని చిన్నది. (2 − లామ్డా) వర్గం − 1 = 0 అనే వర్గ సమీకరణం వస్తుంది, జవాబులు 1, 3. పదో తరగతి లెక్క. అవకల సమీకరణాల్లో ఆగేవాళ్లు కూడా చాలామంది సంవర్గమానాలు, అంటే లాగరిథమ్స్, దగ్గరే ఆగుతారు.

మెట్లు ఎట్లా పోయాయి?

ఈ మెట్లు పిల్లలు తీసేసినవి కావు. లెక్కల టీచరు లేక సగం సంవత్సరం గడిచిపోయిన బళ్లు ఉన్నాయి. తర్వాత వచ్చేది ప్రవేశ పరీక్ష. ఒకప్పటి ఎంసెట్, ఇప్పటి ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, అందులో లెక్కలవి 80. ప్రశ్నకు నిమిషం పైన కొద్ది సెకన్లు. ఆ తొందరలో వరసగా మెట్లు రాయడం కంటే ఆప్షన్లు చూసి జవాబు పట్టుకోవడమే లాభం. లక్షలు పోసి కోచింగ్ తీసుకున్న పిల్లలకూ పునాది ఇట్లాగే ఉండొచ్చు. కానీ వాళ్లు తప్పితే "చదవలేదు" అంటారు, మనవాళ్లు తప్పితే "బుర్ర లేదు" అంటారు. తేడా లెక్కలో లేదు, చూసే కంట్లో ఉంది.

అందుకే మన పిల్లలు క్లాసులో డౌటు అడగరు. ముంబైలోని ఎల్ఫిన్‌స్టన్ హైస్కూల్లో లెక్క చేయడానికి అంబేద్కర్‌ను నల్లబల్ల దగ్గరికి పిలిస్తే, దాని వెనకున్న తమ టిఫిన్ డబ్బాలు మైలపడతాయని సవర్ణ పిల్లలు పరిగెత్తి తీసుకున్నారని ఆయన జీవితచరిత్రలు చెప్తాయి. ఇవాళ డబ్బాలు జరపకపోవచ్చు. కానీ బోర్డు దగ్గరికి పోతే అందరూ ఎట్లా చూస్తారోనన్న బెరుకు ఇంకా ఉంది.

చేసి చూపించినవాళ్లు

1970ల చివర్లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులు కాలిక్యులస్‌లో ఎక్కువగా ఫెయిలయ్యేవాళ్లు. శ్రద్ధ లేదు, ఇంట్లో చదువు వాతావరణం లేదు అని అధ్యాపకులు అనుకున్నారు. యూరీ ట్రైస్‌మన్ వాళ్ల మధ్య తిరిగి గమనిస్తే కనపడింది వేరు: వాళ్లు కష్టపడుతున్నారు, కానీ ఒంటరిగా. చైనా మూలాల విద్యార్థులు గుంపుగా కూర్చుని ఒకరి తప్పు ఒకరు దిద్దుకుంటున్నారు. ఆయన నల్లజాతి పిల్లలకు 'వెనకబడినవాళ్ల క్లాసు' పెట్టలేదు. చిన్న గుంపులుగా కూర్చోబెట్టి కష్టమైన లెక్కలే ఇచ్చాడు. ఫలితాలు బాగా మారాయి.

1960లలో మిసిసిపిలో నల్లవాళ్ల ఓటుహక్కు కోసం పనిచేసిన బాబ్ మోజెస్ 1982లో బీజగణితం నేర్పే ఉద్యమం మొదలుపెట్టాడు. ఓటు ఎంతో బీజగణితం అంతే హక్కు అన్నది ఆయన వాదం. ఆయన పద్ధతిలో పిల్లలు ముందు రైల్లో ప్రయాణం చేస్తారు, బొమ్మ గీస్తారు, తమ ఇంటి మాటల్లో చెప్తారు. గుర్తులు ఆఖర్న వస్తాయి. మనకు పల్లెవెలుగు బస్సు చాలు. మన ఊరి స్టాపు సున్నా, టౌను వైపు ప్లస్, అటువైపు మైనస్.

మనం చేయాల్సింది

సీటు వచ్చినప్పటి నుంచి కాలేజీ తెరిచేదాకా కొన్ని వారాలుంటాయి. హాస్టల్లో గానీ, అంబేద్కర్ భవనంలో గానీ నలుగురైదుగురిని కూర్చోబెట్టి భిన్నాలు, మైనస్ గుర్తులు, ఘాతాలు, వర్గ సమీకరణం, సంవర్గమానాలు, సరళరేఖ వాలు, త్రికోణమితి సరిచూడాలి. 1/(2+3) విలువ 1/2 + 1/3 ఎందుకు కాదో నోటితో చెప్పించాలి. మొదటిది 0.2, రెండోది 0.83. ప్రతి మాటకూ తెలుగు, ఇంగ్లీషు రెండూ పక్కపక్కన రాయించాలి. సప్లీ రాసి గట్టెక్కిన సీనియర్లే దీనికి మంచి మాస్టార్లు, ఏ మెట్టు దగ్గర కాలు జారుతుందో వాళ్లకు తెలుసు. సంఘాలు సీటు కోసం కొట్లాడినంత గట్టిగా ఈ వారాల కోసమూ పనిచేయాలి.

రాయి బావి మధ్యలో ఆగదు. ఆగిందని లెక్క చెప్తే తప్పు రాయిది కాదు, ఎగిరిపోయిన 2 హెచ్‌ది. దాన్ని వెనక్కి తెచ్చుకోవడం మన చేతుల్లో పని.