సలమాంకాలో శకటరేఫము

కృష్ణపట్నపు జాలరి యింటి కుఱ్ఱవాడు, నా పూర్వశిష్యుడు, స్పెయిను దేశపు సలమాంకా నగరమునకు పైచదువునకై వెళ్ళినాడు. అచటి విశ్వవిద్యాలయము 1218లో వెలసినది; మన తిక్కన సోమయాజి శతాబ్దమే. వెళ్ళిన కొత్తలో, కుక్క అఱపులకు నిద్ర పట్టలేదని ఇంటి యజమానురాలితో చెప్పబోయి, ‘కాని అఱచుచున్నది’ అన్నాడట. ఆ భాషలో ‘పెరో’ అనగా కాని; ‘పెఱ్ఱో’ అనగా కుక్క. ఆమె నవ్వినది. నాలుగు దినములు వీడు నోరు విప్పలేదు.

శకటరేఫమును నేను తరగతిలో వ్రాతకే పరిమితము చేసితిని. పరీక్షకు అంతే చాలును గదా! సిగ్గుపడి జవాబు వ్రాసితిని: ‘నాయనా, గుఱ్ఱము అని పదిమారులు పలికి, ఆ నాలుకతోనే పెఱ్ఱో అనుము.’

మొన్న జాబు వచ్చినది: ‘గురువుగారూ, ఆవిడకు కుక్క అర్థమైనది. భోజనము మాత్రము రాత్రి పదింటికే పెట్టుచున్నది.’