యూకేలో లాంగ్ సిక్ లీవ్‌లో ఉన్నారా? మీ హాలిడే పే ఎక్కడికీ పోదు

యూకేలో కేర్ హోమ్‌లోనో, ఐటీ కంపెనీలోనో పనిచేస్తూ నెలల తరబడి సిక్ లీవ్‌లో ఉన్నారా? ‘పనికి రాలేదు కదా, ఈ ఏడాది సెలవులు లేవు’ అని మేనేజర్ అంటే నమ్మకండి. జబ్బుతో ఇంట్లో ఉన్నా మీ వార్షిక సెలవులు జమవుతూనే ఉంటాయి. చట్టం ప్రకారం ఏడాదికి 5.6 వారాలు. వారానికి 5 రోజులు పనిచేసేవారికి 28 రోజులన్నమాట.

జబ్బు వల్ల వాడుకోలేకపోతే అందులో 4 వారాల వరకు తర్వాతి ఏడాదికి తీసుకెళ్లొచ్చు. ఆ లీవ్ ఇయర్ ముగిశాక 18 నెలల్లోపు వాడాలి.

చాలామందికి తెలియనిది ఇంకోటుంది. స్టాట్యుటరీ సిక్ పే గరిష్ఠంగా 28 వారాలే, అదీ తక్కువ మొత్తం. ఇంటి అద్దె కట్టడం కష్టమైతే సిక్ లీవ్‌లో ఉండగానే కొన్ని రోజులు హాలిడేగా పెట్టుకోవచ్చు. వాటికి సిక్ పే కాదు, మామూలు జీతమే ఇవ్వాలి. అలా పెట్టుకోమని యజమాని బలవంతం చేయకూడదు.

ఉద్యోగం మానేసినా, తీసేసినా మిగిలిన సెలవులకు డబ్బు రావాల్సిందే.

స్కిల్డ్ వర్కర్ వీసా వాళ్ల భయం వేరు: 4 వారాలకు మించి జీతం లేకుండా ఉంటే వీసా రద్దవుతుందని. సిక్ లీవ్‌కు ఆ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. 7 రోజులు దాటితే ఫిట్ నోట్ తప్పనిసరి; కాపీలు దాచుకోండి. గొడవ వస్తే ఉచితంగా సలహా ఇచ్చే ఏకాస్‌కు ఫోన్ చేయండి.