విజయనగరమున నొక దినము



చిన్ననాట మా తండ్రిగారు నాకు ఇంటివద్దనే ప్రబంధములు పాఠము చెప్పిరి. ఆముక్తమాల్యద చదువునపుడెల్ల, దానిని రచించిన రాయలవారి పట్టణమెట్లుండెడిదో యని తలపోయుచుండెడిదానను. ఇరువదియేండ్లకుగాని యా కోరిక తీరలేదు. మొన్న మాఘమాసమున మావారికి బడిసెలవులు రెండు కలిసివచ్చుటచే, అత్తగారితోను అమ్మాయితోను గుంతకల్లులో రైలెక్కి హోసపేట చేరితిమి. అచ్చటినుండి హంపి 13 కిలోమీటర్ల దూరము.

బయలుదేరుటకు ముందే మాయింట చిన్న తగవొకటి నడచుచుండెను. అమ్మాయి పదవ తరగతి ముగింపనున్నది. పైచదువునకు గణితము తీసికొందునని దాని పట్టు. "ఆడపిల్లకు అన్ని లెక్కలెందుకే?" యని అత్తగారి మాట. మావారు తల్లికిని బిడ్డకును నడుమ మౌనము వహించిరి. ఆ తగవును మాతోకూడ రైలెక్కినది.

ఉదయముననే యొక మార్గదర్శిని దినమంతటికి కుదుర్చుకొంటిమి. అతడు కన్నడపు యాసతో చక్కని తెలుగు మాటలాడెను. మొదట విరూపాక్షస్వామి దర్శనము. 1336 ప్రాంతమున హరిహర బుక్కరాయలు స్థాపించిన యీ రాజధాని 1565లో జరిగిన యుద్ధము పిమ్మట పాడుపడినను, ఈ కోవెలలో పూజ నేటికిని సాగుచున్నది. తూర్పుగోపురము సుమారు 50 మీటర్ల యెత్తు. లోపలి రంగమంటపమును కృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భమున 1510లో కట్టించెను. గుడి వెనుక చీకటిగదిలో, చిన్న రంధ్రముగుండ వచ్చిన వెలుగుచే గోపురము గోడపై తలక్రిందుగ కనబడెను. అత్తగారు చేతులు జోడించిరి. అమ్మాయి మాత్రము, వెలుగు తిన్నగా పోవుటచేతనే పైది క్రిందికిని క్రిందిది పైకిని వచ్చినదని, పుల్లతో నేలపై గీతలు గీసి చూపెను. అత్తగారు వంగి చూచిరి గాని యేమియు ననలేదు.

హేమకూటము ప్రక్కన ఏకశిలా గణపతులిరువురు కలరు. వారి పేర్లు ఆవగింజతోను శనగగింజతోను ముడిపడినవని విని, మా వంటింటి పోపులపెట్టె జ్ఞప్తికి వచ్చి నవ్వుకొంటిమి. పిదప కృష్ణాలయము. మన నెల్లూరుసీమలోని ఉదయగిరిని జయించి, అచ్చటి బాలకృష్ణ విగ్రహమును తెచ్చి రాయలవారిచ్చట ప్రతిష్ఠించిరి. ఆ విగ్రహమిపుడు చెన్నపట్టణపు ప్రదర్శనశాలలో నున్నది. గుడిలో పీఠము శూన్యము.

దాని దాపుననే 1528లో చెక్కించిన యేకశిలా నరసింహమూర్తి, 6.7 మీటర్ల యెత్తున నాసీనుడై యున్నాడు. ఒడిలోని లక్ష్మీదేవి విగ్రహమును ధ్వంసము చేసిరి. స్వామి వెన్నునానుకొని అమ్మవారి చేయి మాత్రము మిగిలినది. దానిని చూచిన యత్తగారు చాలసేపు కదలలేదు. "చేయి విడువలేదే తల్లి!" యని కన్నులొత్తుకొనిరి.

మధ్యాహ్నము అరటితోట నీడన పులిహోరయు పెరుగన్నమును భుజించితిమి. ఆ తోటలకు పారు తుర్తుకాలువ రాయలకాలపుదే. నగరము కూలినను కాలువ తన పని మానలేదు.

పిమ్మట రాణివాసమని పిలువబడు ప్రాకారమున కమలమహలును, దాని వెలుపల పదునొకండు గదుల గజశాలయు, మరియొకచోట రాణుల స్నానఘట్టమును చూచితిమి. "ఇచ్చట రాణులుండిరని యే శాసనమున నున్నది నాయనా?" యని యడిగితిని. అతడు కొంత సంకోచించి, "లేదమ్మా. ఈ పేర్లు తరువాత జనులు పెట్టినవి. నిశ్చయముగ నెవరును చెప్పలేరు" అని నిజము పలికెను. నాకు సంతోషమును విచారమును నొక్కసారిగ కలిగినవి. స్త్రీలకు స్నానఘట్టములే గాక వేరు జాడలు మిగులలేదా?

మిగిలినవి! మహర్నవమి దిబ్బపై కూర్చుండి, నాకు తెలిసినంత మావారికి చెప్పితిని. బుక్కరాయల కోడలు గంగాదేవి తన భర్త కంపరాయల మధుర దండయాత్రను మధురావిజయమను సంస్కృతకావ్యముగ రచించెను. అచ్యుతరాయల కాలమున తిరుమలాంబ వరదాంబికాపరిణయమను చంపువును రచించెను. సుమారు 1535లో నిచ్చట నుండిన నూనిజను పోర్చుగీసు గుఱ్ఱపువర్తకుడు, అంతఃపురములోని వ్యయమంతయు స్త్రీలే లెక్కలు వ్రాయుచుండిరనియు, రాజ్యవ్యవహారములను వ్రాయు స్త్రీలు తమ పుస్తకములను వెలుపలి వ్రాయసగాండ్ర పుస్తకములతో సరిచూచుచుండిరనియు వ్రాసియుంచెను. మార్గదర్శి యీ మాట మరల చెప్పుమని నన్నడిగి, తన చిన్నపుస్తకమున వ్రాసికొనెను.

అత్తగారు వినుచునే యుండిరి.

హజారరామాలయపు గోడలపై రామాయణకథయు, ఏనుగుల గుఱ్ఱముల వరుసలును, నాట్యమాడు వనితలును చెక్కబడియున్నవి. ప్రొద్దువాలునప్పటికి విఠలాలయము చేరితిమి. 2017 నుండి వచ్చుచున్న క్రొత్త యేబది రూపాయల నోటు వెనుకనున్న రాతిరథమిచ్చటిదే. అది నిజమునకు గరుడాలయము. స్తంభములను మీటి స్వరములు పలికించుట నిషేధింపబడినది. అదియే మేలు, స్తంభములు నిలుచును.

ఈ యాత్ర చేయదలచిన సోదరీమణులు చలికాలమున పోవుట మంచిది. రాళ్లు ఎండకు మిక్కిలి కాగును. త్రాగునీరును, నడకకు ననువైన చెప్పులును మరువరాదు. వృద్ధులున్నచో అన్నియు చూడవలెనను ఆత్రము కూడదు.

రాత్రి రైలులో అమ్మాయి నిద్రించిన పిదప అత్తగారు మెల్లగా నాతో ననిరి: "నేను కాపురమునకు వచ్చిన నాటినుండి పాలలెక్క గోడపై బొగ్గుగీతలతోనే పెట్టితిని. పాలవాడొక్కనాడును నన్ను మోసగింపలేదు. నాకెవరైన అంకెలు నేర్పియుండిన పుస్తకముననే వ్రాసియుందును గదా." కొంతసేపటికి మరల, "దానికి ఆ లెక్కలే చెప్పింపుడు" అని ప్రక్కకు తిరిగి పరుండిరి.

మరునాడు ఇంటిఖర్చుల పుస్తకమును అమ్మాయి చేతికిచ్చితిని. అందు మొదటి పద్దు మా హంపి ప్రయాణపు వ్యయమే. కూడికలో నేను చేసిన తప్పొకటి అది వెంటనే పట్టుకొనినది.