కోళ్లకూ ఒక తరవాణి కుండ

వడ్లు మర ఆడించాక మిగిలే నూకలు, తవుడు మన పెరటి కోళ్లకు ఎప్పటినుంచో ఉన్న మేతే. అయితే వాకిట్లో చల్లిన నూకల్లో సగం కోడి కాలితో గీరి మట్టిపాలు చేస్తుంది. తవుడు గాలికే పోతుంది. మైపాడు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో ఆ గాలి సంగతి మీకు చెప్పనక్కర్లేదు. ఆ మేతనే ఒక రోజు నానేసి, పులియనిచ్చి, ముద్దగా పెట్టి చూడండి. కోడి గీరదు, తవుడు లేవదు, పళ్లెం అడుగు దాకా తింటుంది. ఖర్చు ఒక మట్టికుండ, కాసిని నీళ్లు.

"పులిసిందంటే పాడైనట్టే గదా, కోళ్లు చావవా?" అని అడిగేవాళ్లున్నారు. ఇడ్లీ పిండి పులుస్తుంది, తరవాణి పులుస్తుంది. వాటిని మనం తినడం లేదా? పులియడం వేరు, కుళ్లడం వేరు. పాలను పెరుగు చేసే జాతి సూక్ష్మజీవులే నానిన గింజలోనూ పెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని తయారు చేస్తాయి. ఆ పులుపులో పారుడు తెచ్చే సాల్మొనెల్లా, ఈకొలై వంటి క్రిములు నిలబడలేవు. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో, పులిసిన తడి మేత తిన్న బ్రాయిలర్ కోళ్ల మేతసంచిలో, కందనకాయలో సాల్మొనెల్లా చాలావరకు చచ్చిపోతున్నట్టు తేలింది. ఇంకో లాభం కూడా ఉంది. తవుడులో భాస్వరం బాగానే ఉన్నా కోడికి అరగని రూపంలో ఉంటుంది. పులిసినప్పుడు అందులో కొంత విడివడి ఒంటికి పడుతుంది.

అట్టాగని పులియబెడితే లేని బలం పుట్టుకొస్తుందని అనుకోకండి. కిలో మేత తడిసి రెండు కిలోల పైన తూగుతుంది. పెరిగింది నీళ్లే. అందుకే ఎప్పుడూ పొడి మేతను కొలిచే నానెయ్యాలి, ముద్దను చూసి లెక్కేస్తే కోళ్లు అర్ధాకలితో ఉంటాయి.

బయట తిరిగి పురుగూ పుట్రా ఏరుకునే పెద్ద కోడికి రోజుకు 40, 50 గ్రాముల పొడి మేత ఇంటి దగ్గర దొరికితే చాలు. పది కోళ్లకు అర కిలో అనుకోండి. పావు కిలో నూకలు, 100 గ్రాముల తవుడు, 100 గ్రాముల పగలగొట్టిన సజ్జలో జొన్నలో, 50 గ్రాముల వేరుశనగ చెక్క తీసుకోండి. ముప్పావు లీటరు మంచినీళ్లు పోసి కలపండి. మొదటిసారి ఉప్పు వేయని పుల్ల మజ్జిగ రెండు గరిటెలు తోడు వేస్తే తొందరగా అందుకుంటుంది. తర్వాత రోజు నుంచి పాత ముద్ద ఒక గుప్పెడు ఉంచుకుంటే అదే తోడు. గింజలు నీళ్లలో మునిగే ఉండాలి. పైన తేలి గాలి తగిలిన చోటే బూజు పడుతుంది కాబట్టి పొద్దునా సాయంత్రం కలియబెట్టండి. మూత బిగించకుండా గుడ్డ కట్టండి. మన ఎండలకు 24 గంటలు చాలు, చలికాలం 36 నుంచి 48 గంటలు పట్టవచ్చు.

కుండ మట్టిదైతే మేలు, తిండి పదార్థాలకు వాడే ప్లాస్టిక్ బకెట్టయినా ఫరవాలేదు. జింకు పూత రేకు డబ్బా, ఇత్తడి గిన్నె వద్దు. పులుపుకు లోహం కరిగి మేతలో దిగుతుంది. పురుగుమందు డబ్బాను ఎన్నిసార్లు కడిగినా సరే, దీనికి వాడొద్దు.

అయిందో లేదో ముక్కే చెబుతుంది. దోసెపిండి వాసనలా పుల్లగా, కమ్మగా ఉండాలి. కుళ్లు కంపు, పేడ కంపు వచ్చినా, పైన నల్లగానో పచ్చగానో బూజు కనబడినా ఆ కుండంతా గోతిలో పోసి పూడ్చండి. బూజు తీసేసి మిగతాది పెడదామన్న పొదుపు ఇక్కడ పనికిరాదు.

ఇక్కడ వేరుశనగ చెక్క గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. తేమ తగిలిన చెక్కలో, మక్కిన మొక్కజొన్నలో పట్టే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని విడుస్తుంది. కోడి కాలేయాన్ని అది దెబ్బ తీస్తుంది, పిల్లలనైతే తొందరగా చంపుతుంది. పులియబెడితే ఆ విషం విరిగిపోతుందని నమ్మొద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఒడ్డున వానలూ తుఫాన్లూ ఉన్న రోజుల్లో చెక్క పది రోజులకు సరిపడా మాత్రమే కొనండి. ముక్కిన తవుడూ అంతే, పారబోయడమే.

రెండో సంగతి ఉప్పు. రేవు పక్కన ఉన్నాం గనక ఎండుచేపల పొట్టు, రొయ్యల తలకాయలు తేలికగా దొరుకుతాయి. మాంసకృత్తులకు అవి మంచివే. కానీ కోడి మేతలో ఉప్పు మొత్తం మీద అర శాతం దాటకూడదు. ఉప్పుచేప అంతకు ఎన్నో రెట్లు ఉప్పు మోస్తుంది. ఉప్పు ఎక్కువైన కోడి ఆగకుండా నీళ్లు తాగుతుంది, నీళ్లలా రెట్ట వేస్తుంది, తూలుతుంది, పిల్లలైతే పొట్ట ఉబ్బి చచ్చిపోతాయి. అది చూసి తెగులనుకుని మందులు కొనేవాళ్లున్నారు! ఉప్పు వేయకుండా ఎండబెట్టిన చిన్న చేపలనే వాడండి. అవి కూడా కుండలో వేస్తే కంపు కొడతాయి, దంచి పెట్టేముందు ముద్దలో కలపండి. పది కోళ్లకు రెండు చెంచాలు చాలు. మీ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే నానబెట్టేందుకూ తాగేందుకూ మంచినీళ్లే వాడాలి.

గుడ్ల పెట్టకు ఆల్చిప్పల గుల్ల అవసరం. ఒడ్డున ఏరుకొచ్చి కడిగి దంచుకోవచ్చు. కానీ గుల్లలో ఉండేది సున్నమే. కుండలో వేస్తే పులుపును విరిచేస్తుంది. వేరే మూకుడులో పెట్టండి, కావలసిన పెట్ట అదే తింటుంది. పిల్లలకు మాత్రం గుల్ల పెట్టొద్దు.

పిల్లల విషయంలో తొందరపడొద్దు. మొదటి వారం పొడి మేతే పెట్టండి. రెండో వారంలో పులిసిన ముద్దను నీళ్లు బాగా పిండి, పిల్లకు చిటికెడు చొప్పున మొదలుపెట్టండి. రెండు గంటల్లో తినగా మిగిలింది తీసేయండి. గంప కింద తడి నిలిస్తే రక్తపారుడు అంటుకుంటుంది, అందుకని అడుగున ఊక మారుస్తూ ఉండాలి. ఇంకొకటి, పిల్లల మేతలో మాంసకృత్తులు 20 శాతం దాకా ఉండాలి. నూకల్లో ఉండేది ఏడెనిమిది శాతమే. వట్టి నూకలు ఎంత పులియబెట్టి పెట్టినా పిల్ల గిడసబారుతుంది. మంచి చెక్క, చేపపొడి కలపాలి. పాతకాలంలో పేడ నింపిన కుండ బోర్లించి చెదలు పట్టించి పిల్లలకు వేసేవాళ్లే, అది ఇప్పుడూ మంచి పద్ధతే. దుకాణంలో కొన్న మందు కలిపిన స్టార్టర్ మేతను మాత్రం పులియబెట్టకుండా పొడిగానే పెట్టండి.

పెద్ద కోళ్లకైనా ఒక్కసారిగా మార్చొద్దు. డెన్మార్క్‌లో 2009లో ప్రచురితమైన పరిశోధనలో గుడ్ల పెట్టలకు పులిసిన తడి మేత మొదలుపెట్టినప్పుడు అవి ఒకదాన్నొకటి పొడుచుకోవడం, ఈకలు పాడవడం కనిపించింది. పాత మేతలో కొంచెం కొంచెంగా కలుపుతూ వారం రోజుల్లో మార్చండి. సాయంత్రం పెడితే తిరగబోయిన కోళ్లు వేళకు ఇంటికొస్తాయి. పళ్లెం రోజూ కడగాలి.

పులిసిన మేత పెడుతున్నాం గదా అని టీకాలు మానకండి. కొక్కెర తెగులుకు ఈ పులుపు అడ్డం కాదు. పిల్లకు ఏడో రోజున లసోటా చుక్క, ఎనిమిదో వారంలో ఆర్‌టుబి సూది వేయించాలి. ఆ టీకా మందును ముద్దలో కలిపి పెడదామనుకోవద్దు, పనిచేయదు. 2024 ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఒకటి రెండు రోజుల్లో వరసగా కోళ్లు రాలుతుంటే మేతను అనుమానిస్తూ కూర్చోకుండా పశువైద్యశాలకు కబురు పంపండి. చచ్చిన కోళ్లను కాలవలో వేయొద్దు, చేతులతో పట్టుకోవద్దు, డాక్టరు వచ్చేదాకా మిగతావాటిని గంపల కింద మూసి ఉంచండి.